రెండు వారాల సెలవు: మలావీకా, సాలూరుకా?

ప్రశ్న: విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివాను. చాలా ఏళ్లుగా అమెరికాలో, ఒహాయోలో పిల్లల డాక్టర్‌గా పనిచేస్తున్నాను. మా ఆసుపత్రి నుంచి ఒక బృందం ఏటా రెండు వారాలు మలావీలోని పల్లె ఆసుపత్రులకు వెళ్లి వైద్యం చేసి వస్తుంది. ఈసారి నన్నూ రమ్మంటున్నారు. సాలూరులో ఉండే మా నాన్నగారు రిటైరైన టీచరు. ఈ సంగతి చెబితే, "ఆఫ్రికా దాకా ఎందుకమ్మా, మన కొండల మీద పిల్లలు లేరా? సంక్రాంతికి వచ్చి ఇక్కడే ఒక మెడికల్ క్యాంపు పెట్టు. టెంటు, భోజనాలు నేను చూసుకుంటాను" అన్నారు. నాకు ఏడాదికి దొరికేది ఆ రెండు వారాలే. అంత తక్కువ రోజుల్లో నిజంగా ఎవరికైనా పనికొస్తానా, లేక నా తృప్తి కోసమే వెళ్తున్నానా అని అనుమానంగా ఉంది. మావారు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఆయనా ఏదైనా చేస్తానంటున్నారు. డాక్టరు కానివారు అక్కడ చేయగలిగింది ఏముంటుంది? మా పన్నెండేళ్ల అమ్మాయిని వెంట తీసుకెళ్లవచ్చా?

సమాధానం:

అమ్మా,

మీలాంటి పిల్లల డాక్టరు అవసరం రెండు చోట్లా ఉంది. అందులో సందేహం లేదు. అయితే మీ ఉత్తరం రెండోసారి చదివినా నాకు అందులో ఒక మనిషి కనిపించలేదు. మీరు తిరుగు విమానం ఎక్కిన మర్నాడు పొద్దున్న ఆ వార్డులో డ్యూటీకి వచ్చే నర్సమ్మ. ఆమె ఎవరు? మీరు వచ్చి వెళ్లాక ఆమె పని కాస్త తేలికైందా, ఇంకాస్త బరువైందా? ఊరు ఎంచుకునే ముందు ఆమెను వెతకండి. ఆమె ఎక్కడ దొరికితే మీ రెండు వారాలు అక్కడ పెట్టండి.

రెండు వారాలు చాలవేమోనన్న మీ భయానికి టాంజానియాలో ఒక జవాబు దొరికింది. ఆ దేశం ఉత్తరాన హైడమ్ అనే మారుమూల చోట లూథరన్ ఆసుపత్రి ఒకటి ఉంది. పుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే ఊపిరి అందించడం నేర్పే 'హెల్పింగ్ బేబీస్ బ్రీత్' శిక్షణ మీకు తెలిసే ఉంటుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2010లో మొదలుపెట్టింది. హైడమ్‌లో సిబ్బందికి ఆ శిక్షణ ఒక రోజు ఇచ్చారు. కొన్ని నెలల తర్వాత పరీక్షిస్తే చాలామంది శిక్షణకు వాడే బిడ్డ బొమ్మ మీద చక్కగా చేసి చూపించారు. కాన్పు గదిలో నిజం బిడ్డ చేతిలోకి వచ్చేసరికి మాత్రం చేసే పద్ధతి పెద్దగా మారలేదు. ఈ సంగతిని వాళ్లు దాచుకోలేదు, 2013లో పత్రికలో ప్రచురించారు. అది నాకు చాలా గౌరవం కలిగించిన విషయం.

తర్వాత పద్ధతి మార్చారు. బొమ్మను శిక్షణ గదిలోంచి తెచ్చి కాన్పు గది దగ్గర పెట్టారు. వారానికోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు, నెలకోసారి నలభై నిమిషాలు సాధన. దాన్ని నడిపించింది అక్కడి సిబ్బందే. పుట్టిన 24 గంటల్లోపు చనిపోయే పిల్లలు వెయ్యి మందికి 11.1 నుంచి 7.2కు తగ్గారు. అదే ఆసుపత్రి, అదే బొమ్మ, ఊపిరి అందించే అదే గాలిసంచి. తేడా అల్లా ఎవరు నేర్పారు, ఎన్నాళ్లకోసారి నేర్పారు అన్నదే. బయటినుంచి వచ్చిన నిపుణులు ఒక రోజు ఎంత బాగా పాఠం చెప్పినా బిడ్డ దాకా చేరనిది, అక్కడే ఉండే నర్సు వారం వారం ఐదు నిమిషాలు పట్టుబడితే చేరింది.

కాబట్టి రెండు వారాల్లో మీరే ఎంతమంది పిల్లల్ని చూస్తారన్న లెక్క పక్కన పెట్టండి. మీరు చూసే పిల్లలకు మంచి జరుగుతుంది, కాదనను. కానీ మిగిలిన యాభై వారాలు ఆ వార్డులో పిల్లలు పుడుతూనే ఉంటారు, జబ్బు పడుతూనే ఉంటారు. ఆ యాభై వారాల కోసం మీరు ఏం చేయగలరన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు మలావీ సంగతి. ఆ దేశానికి వెళ్లకూడదని నేను అనను. బయటివాళ్లూ అక్కడివాళ్లూ కలిసి చేసిన చాలా మంచి పని ఒకటి అక్కడే జరిగింది. నెలలు నిండకుండా పుట్టి ఊపిరికి కష్టపడే పిల్లలకు ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే బబుల్ సీప్యాప్ అనే యంత్రాన్ని చవకగా, మొరటు వాడకాన్ని తట్టుకునేలా హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేశారు. దాన్ని బ్లాంటైర్‌లోని క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ హాస్పిటల్ వార్డులో, అక్కడి పిల్లల డాక్టర్లు, నర్సుల చేతుల్లోనే పరీక్షించారు. మామూలుగా ఆక్సిజన్ పెట్టిన పిల్లల్లో నూటికి 44 మంది బతికితే, ఇది పెట్టినవాళ్లలో 71 మంది బతికారు. 2014లో వచ్చిన ఫలితం ఇది. ఆ పని అక్కడితో ఆగలేదు. ఆ అనుభవం మీదే నెస్ట్ 360 అనే కార్యక్రమం 2019లో మలావీ, కెన్యా, టాంజానియా, నైజీరియాల్లో మొదలైంది. యంత్రాలు కొనివ్వడంతో సరిపెట్టకుండా నర్సులకు శిక్షణ, పాడైతే బాగుచేసే టెక్నీషియన్లు, లెక్కలు రాసే పద్ధతి అన్నీ కలిపి నడిపిస్తారు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా యంత్రం మూలన పడుతుంది. పేద దేశాల ఆసుపత్రుల్లో ఉన్న వైద్య పరికరాల్లో దాదాపు 40 శాతం పనిచేయని స్థితిలో ఉన్నాయని 2011లో ఒక పరిశీలన తేల్చింది. దాతలు పంపిన పెట్టెలు గోడకు చేరవేసి ఉన్న గది చూస్తే, ఇచ్చినవాళ్ల మంచి మనసు ఎంత వృథా అయిందోనని కడుపు తరుక్కుపోతుంది.

మీ బృందం ఎలాంటిదో మీ ఉత్తరాన్ని బట్టి తెలియడం లేదు. వాళ్లను నేరుగా అడగండి. ఏటా ఒకే ఆసుపత్రికి వెళ్తున్నారా, ఏడాదికో చోటికా? ఈసారి ఏం చేయాలో ఎవరు నిర్ణయించారు, మీ ఒహాయో ఆసుపత్రిలో కూర్చున్నవాళ్లా, మలావీ వార్డులో ఉన్నవాళ్లా? కిందటేడు చూసిన పిల్లల్లో మళ్లీ చూడాల్సినవాళ్లను ఎవరు చూస్తున్నారు, వాళ్లతో మీవాళ్లు ఈ ఏడాదిలో ఎన్నిసార్లు మాట్లాడారు? మలావీ మెడికల్ కౌన్సిల్ దగ్గర తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఎవరు చేయిస్తారు? అక్కడి డాక్టరుగానీ నర్సుగానీ మీ ఆసుపత్రికి నేర్చుకోవడానికి ఎప్పుడైనా వచ్చారా? ఆఖరిది చాలామంది అడగరు. రాకపోకలు ఒకవైపే ఉంటే అది స్నేహం కాదు. 2020లో బ్రోషే డిక్లరేషన్ పేరుతో, ఇలాంటి పొట్టి పర్యటనలకు ఉండాల్సిన మర్యాదల మీద ఒక ప్రకటన వచ్చింది. ఆతిథ్యమిచ్చే సమాజం చెప్పిన అవసరమే ముందు, పని నిలబడాలి, ఆ దేశపు చట్టం పాటించాలి అని అందులో ఉంది. మీ బృందం నాయకుడికి దాని సంగతి తెలుసో లేదో కనుక్కుంటే చాలా విషయాలు అర్థమవుతాయి.

జవాబులు తృప్తిగా వస్తే మలావీ మంచి చోటే. కానీ మీరు నన్ను సలహా అడిగారు కాబట్టి తేల్చి చెప్తాను. మీ పరిస్థితిలో, ఇప్పుడు, సాలూరు వెళ్లండి. మన పిల్లలు ఎక్కువ, వాళ్ల పిల్లలు తక్కువ అని కాదు. నాన్నగారితోనూ ఆ వాదన వద్దు. అమ్మానాన్నల కోసం మీరు సాలూరు ఎలాగూ ఏటా వస్తారు. వచ్చే ఏడూ వస్తారు, ఆ పై ఏడూ వస్తారు. మలావీకి అలా వెళ్లగలరని మీరే నమ్మకంగా చెప్పలేరు. పైగా భాష ఉంది. మీ జిల్లా కేంద్రం పార్వతీపురం ఆసుపత్రి వార్డులో తల్లి చెప్పేది మీకు నేరుగా వినబడుతుంది. బ్లాంటైర్‌లో మీ పక్కన అనువాదానికి నిలబడే నర్సు ఆ పూట తన పని వదిలి నిలబడాలి. కొండ మీది కువి మాట్లాడే తల్లి దగ్గర మీకూ దుబాసీ కావాలి, అది వేరే సంగతి. ఆ ఊరి ఆశా కార్యకర్త ఆ పని మీకంటే బాగా చేస్తుంది.

సాలూరు వెళ్లండి అన్నాను గానీ, క్యాంపు మాత్రం వద్దు.

నాన్నగారు నొచ్చుకోకుండా ఈ మాట ఎలా చెప్పాలో తర్వాత చెప్తాను. ముందు ఎందుకు వద్దో వినండి. నేను ఏజెన్సీలో పనిచేసిన కాలంలో ఒక ముసలాయన ప్లాస్టిక్ కవరు తెచ్చి నా బల్ల మీద కుమ్మరించాడు. వేర్వేరు క్యాంపుల్లో ఇచ్చిన మాత్రలు. అందులో రెండు, వేరే పేర్లతో ఉన్న ఒకే బీపీ మాత్ర. రెండూ వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయని, రెండూ మానేశాడు. ఆ మాత్రలు ఇచ్చిన డాక్టర్లు మంచివాళ్లే. ఎండలో రోజంతా నిలబడి, సొంత డబ్బు ఖర్చుపెట్టి చేసినవాళ్లే. ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు, పది రోజుల మందు, ఒక ఫొటో. పదకొండో రోజు ఏమిటన్నది ఎవరి పనీ కాకుండా పోయింది. పిల్లల క్యాంపులో ఇది ఇంకా కష్టం. గుండెలో మర్మర్, అంటే తేడా చప్పుడు, వినబడిందనుకోండి, ఎకో (గుండె స్కాన్) కోసం విశాఖ కేజీహెచ్‌కు వెళ్లమని చీటీ రాసిస్తారు. కూలి మానుకుని, బస్సు చార్జీలు అప్పు తెచ్చుకుని, ఆ పెద్దాసుపత్రిలో ఏ గదికి వెళ్లాలో తెలియక, ఆ తల్లిదండ్రులు చీటీని ఇంటి చూరులో దోపి ఊరుకుంటారు.

ఇప్పుడు ఏం చేయవచ్చో చెప్తాను. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013 నుంచి ఉంది. మీరు అప్పటికే అమెరికాలో ఉంటారు కాబట్టి తెలిసి ఉండకపోవచ్చు. ఆ సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లి పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని పరీక్షించాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగింటి కోసం వెతుకుతారు. అనుమానం ఉన్నవాళ్లను జిల్లా కేంద్రానికి పంపాలి. కాగితం మీద మంచి ఏర్పాటు. ఇలాంటి ఏర్పాట్లలో ఎప్పుడూ పలచబడేది వెతకడానికీ వైద్యానికీ మధ్య ఉన్న మెట్టు. బడిలో ఎవరో ఏదో అనుమానించారు, తర్వాత స్పెషలిస్టు దాకా ఆ తల్లి చేరలేకపోయింది. ఆ మెట్టు దగ్గర మీరు కూర్చోండి. టెంటు వేసి వచ్చినవాళ్లందరినీ చూసే బదులు, ఆ బృందం ఇప్పటికే గుర్తించిన పిల్లల జాబితా అడగండి. రోజుకు కొద్దిమందినే పిలిపించి, ఒక్కొక్కరికి అరగంట ఇవ్వండి. మీ చెవి, మీ చెయ్యి, అన్నేళ్ల అనుభవం ఆ అరగంటలో పనికొస్తాయి. ఆపరేషన్ అవసరమైన గుండె జబ్బులకు ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఉంది, మునుపటి ఆరోగ్యశ్రీయే, 2024 నుంచి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఏ బిడ్డకు తొందర, ఏ బిడ్డ ఆగొచ్చు, ఎవరికి అసలు ఏమీ లేదు అని తేల్చి చెప్పడం చిన్న పని కాదు. ఏమీ లేదని తేలిన బిడ్డ తల్లికి ఆ రాత్రి పట్టే నిద్ర విలువ మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండో పని పుట్టిన బిడ్డల దగ్గర. మీ జిల్లాకు పక్కది కాకపోయినా తెలంగాణ సరిహద్దును ఆనుకునే ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలీలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు చేసిన పని పిల్లల డాక్టర్లందరికీ పాఠమే. 1986లో అక్కడ 'సెర్చ్' స్థాపించి, ఊళ్లో కాస్త చదువుకున్న ఆడవాళ్లకే పసిబిడ్డల సంరక్షణ నేర్పారు. బరువు తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి లెక్కపెట్టడం, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకిన లక్షణాలు గుర్తించి మందు ఇవ్వడం దాకా. 39 ఊళ్లలో నెల లోపు పిల్లల మరణాలు మూడేళ్లలో 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. డాక్టరు లేని ఊళ్లో, డాక్టరు రాకుండానే! దాని ఆధారంగానే 2011 నుంచి దేశమంతా ఆశా కార్యకర్తలు పుట్టిన బిడ్డను ఇంటికి వెళ్లి చూసే పద్ధతి వచ్చింది. మూడో రోజు, ఏడో రోజు, అలా నలభై రెండో రోజు దాకా. మీ కొండల మీది ఆశాలూ ఈ సందర్శనలు చేయాల్సినవాళ్లే. ఎంత నమ్మకంగా చేయగలుగుతున్నారు, ఎక్కడ తడబడుతున్నారు అన్నది వాళ్ల వెంట ఒకటి రెండు ఇళ్లకు నడిస్తేనే తెలుస్తుంది. సలహా ఇవ్వడానికి కాదు, ముందు చూడడానికి వెళ్లండి. డోలీ మీద గర్భిణిని దింపే దారులు ఎక్కాక మీ సలహాలు సగం మీరే మార్చుకుంటారు. తర్వాత పీహెచ్‌సీలో ఆశాల నెలవారీ సమావేశం రోజున, అనుమతి తీసుకుని, గంటసేపు కూర్చుని హైడమ్ పద్ధతిలో బొమ్మ మీద సాధన చేయించండి. వెళ్లేటప్పుడు ఆ బొమ్మ అక్కడే వదిలి వెళ్లండి. అలమరలో పెట్టి తాళం వేయకుండా కాన్పు గదిలోనే ఉంచేలా స్టాఫ్ నర్సును ఒప్పించండి. ఈ చివరి ముక్కే కష్టం. రిజిస్టరులో ఎక్కిన వస్తువు పోతే తన జీతంలో కోస్తారని ఆమె భయం. ఆ భయం తీర్చే మాట మెడికల్ ఆఫీసరు నోట రావాలి.

అనుమతి అన్నాను. తేలిగ్గా తీసుకోకండి. మీరు చదివింది విశాఖలోనే అయినా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో మీ రిజిస్ట్రేషన్ ఇప్పుడు చెల్లుబాటులో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ముందే రిన్యూవల్ చేయించుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నంత మాత్రాన వైద్యం చేయవచ్చని అనుకోవద్దు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ వేరే. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికీ, పార్వతీపురం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు ఆఫీసరుకూ ముందుగా ఉత్తరం రాయండి. అమెరికా డాక్టరునన్న ధోరణి ఉత్తరంలో ఎక్కడా రానివ్వకండి. "ఈ రెండు వారాలు మీ నవజాత శిశు విభాగంలో నర్సులతో కలిసి పనిచేయాలని ఉంది, మీకు ఏ విషయంలో సాయం కావాలో చెప్పండి" అంటే చాలు. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు. సంక్రాంతికి రావాలంటే వానాకాలంలోనే మొదలుపెట్టండి. అన్నట్టు, పండగ వారం వదిలేయండి. పెద్ద పండగ మూడు రోజులూ ఊళ్లో ఎవరూ ఆసుపత్రి మొహం చూడరు, సిబ్బందికి సెలవు దొరికేదీ అప్పుడే. కనుమ వెళ్లాక మొదలుపెట్టండి.

మందులు మోసుకురాకండి. అమెరికాలో కంపెనీలు ఇచ్చిన శాంపిల్స్ సూట్‌కేసు నింపి తేవడం చాలామంది పుణ్యకార్యం అనుకుంటారు. ఉచిత శాంపిల్స్, రోగులు వాడి మిగిలినవి ఇవ్వకూడదనీ, చేరే నాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలే ఉన్నాయి. పిల్లలకు కావాల్సిన మందులు మన దేశంలోనే తయారవుతాయి, ఇక్కడే చవక. మీరు మొదలుపెట్టిన మందు మీ తర్వాత పీహెచ్‌సీలో దొరికేదై ఉండాలి. దొరకనిది మీరు రాయకూడదు, ఎంత గొప్ప మందైనా సరే.

తిరిగి వెళ్లాక చేసే పని ఇంకా ముఖ్యం. న్యూమెక్సికోలో సంజీవ్ అరోరా అనే లివర్ డాక్టరు 2003లో ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. హెపటైటిస్ సీ రోగులు తన దగ్గరికి వందల మైళ్లు రాలేకపోతున్నారని, పల్లెల్లోని డాక్టర్లతోనే వీడియోలో వారం వారం కూర్చుని, వాళ్ల రోగుల గురించి మాట్లాడేవారు. కొన్నాళ్లకు ఆ పల్లె డాక్టర్ల చేతిలో జబ్బు నయమైన తీరు యూనివర్సిటీ ఆసుపత్రితో సమానంగా ఉందని 2011లో తేలింది. మీకు అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. పదిహేను రోజులకోసారి గంటసేపు, మీరు కలిసి పనిచేసిన నర్సులు, మెడికల్ ఆఫీసరుతో. బిడ్డల పేర్లు, ఫొటోలు వాట్సాప్‌లో తిరగకుండా, కేసు మాత్రం చెప్పుకోవాలి. ఎండాకాలంలో ఒహాయోలో రాత్రి తొమ్మిదైతే సాలూరులో ఉదయం ఆరున్నర. రాత్రి డ్యూటీ నర్సు ఇంకా వెళ్లకముందే దొరుకుతుంది. మొదటి రెండు మూడుసార్లు ఎవరూ నోరు విప్పరు. తప్పు పట్టుకుంటారని జంకు. మీరు పాఠం చెప్పడం మొదలుపెడితే ఇక ఎప్పటికీ విప్పరు. ఆగండి. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ఎంత చిన్నదైనా దాన్ని పట్టుకోండి.

నాన్నగారి విషయానికి వస్తున్నాను. ఆయనకు టెంటు పని వద్దని చెప్పకండి, అంతకంటే పెద్ద పని అప్పగించండి. ఊళ్లో సగం మందికి చదువు చెప్పిన మాస్టారు ఆయన. మీరు చూసి పార్వతీపురమో విశాఖో పంపాల్సిన పిల్లల పేర్లు ఒక నోటుపుస్తకంలో ఆయన దగ్గర ఉండాలి, తల్లిదండ్రుల అంగీకారంతో. ఏ తేదీన వెళ్లాలి, వెళ్లారా, చార్జీలకు ఇబ్బందా, కేజీహెచ్‌లో తన పాత శిష్యుడు ఎవరైనా ఉన్నాడా, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు, ఇవన్నీ ఫోను చేసి కనుక్కునే మనిషి కావాలి. ఆ మనిషి లేకే ఇన్నాళ్లూ చీటీలు చూరులో ఉండిపోయాయి. క్యాంపు ఒక రోజు పని. ఇది ఏడాది పని, మాస్టారు తప్ప ఇంకెవరూ చేయలేరు. ఆయన కాదంటారని నేననుకోను. భోజనాల డబ్బు బస్సు చార్జీలకు వాడితే మరీ మంచిది.

మీవారు ఏం చేయగలరో అడిగారు. చాలా. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే ఆసుపత్రి ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన డాక్టర్లు కొందరు స్థాపించింది. అక్కడి రోగుల రికార్డుల కోసం థాట్‌వర్క్స్ కంపెనీ ఇంజినీర్లు బహ్మ్‌ని అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. ఇప్పుడు ఎన్నో దేశాల పల్లె ఆసుపత్రుల్లో వాడుతున్నారు. అది ఓపెన్‌ఎమ్ఆర్ఎస్ అనే ఇంకో దాని మీద కట్టింది. ఆ ఓపెన్‌ఎమ్ఆర్ఎస్ 2004లో మొదలైంది, దాని పుట్టుకలో మీ పక్క రాష్ట్రం ఇండియానాలోని రీగన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్‌ది పెద్ద చెయ్యి. రెండూ ఎవరైనా వచ్చి పనిచేయగల ఓపెన్ సోర్స్ పనులు. ఒహాయోలో ఇంట్లోనే కూర్చుని, వారానికి కొన్ని గంటలు, అక్కడివాళ్లు జాబితాలో రాసిపెట్టిన లోపాలు సరిచేయవచ్చు. ఎవరి విమానం టికెట్టూ అక్కర్లేదు. ఒక్క మనవి: సాలూరు కోసం కొత్త యాప్ తయారుచేస్తానని మాత్రం అననివ్వకండి. మన ఏఎన్ఎమ్‌లు, ఆశాలు ఇప్పటికే ఎన్నో యాప్‌లలో ఒకే వివరాలు మళ్లీ మళ్లీ ఎక్కిస్తూ అలసిపోయి ఉన్నారు.

ముందు ముందు మీ అమ్మాయి పెద్దదయ్యాక, ఆరు నెలలో ఏడాదో తీరిక దొరికితే అప్పుడు ఆఫ్రికా గురించి మళ్లీ ఆలోచించండి. ఆ కోరికను చంపుకోవద్దు. ఇండియానా యూనివర్సిటీ, కెన్యాలోని మోయి యూనివర్సిటీ 1989 నుంచి ఎల్డొరెట్‌లో కలిసి పనిచేస్తున్నాయి. అమెరికా డాక్టర్లు కుటుంబాలతో ఏళ్లతరబడి అక్కడే ఉన్నారు, కెన్యా డాక్టర్లు ఇండియానాకు వచ్చి నేర్చుకుని వెళ్తున్నారు. నేను పైన చెప్పిన రెండువైపుల రాకపోకలు అంటే అదే. మెద్‌సాఁ సాఁ ఫ్రాంతియేర్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) అనే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థలో పిల్లల డాక్టర్లకు చోటుంటుంది. సర్జన్లనూ మత్తు డాక్టర్లనూ వారాల లెక్కన కూడా పంపుతారు గానీ మిగతావాళ్లను నెలల లెక్కన అడుగుతారు. ఫ్రెంచి వస్తే పని ఇంకా సులువు, ఇప్పటినుంచే నేర్చుకోవచ్చు.

తృప్తి కోసమే వెళ్తున్నానేమో అన్నారు. తృప్తి కోరుకోవడం తప్పు కాదమ్మా. పల్లెల్లో ఏళ్లతరబడి నిలబడ్డ డాక్టర్లలో తృప్తి లేకుండా నిలబడ్డవాళ్లను నేను చూడలేదు. మీకు తృప్తినిచ్చే పనీ, ఆ నర్సమ్మకు కావలసిన పనీ ఒకటి కాని రోజు వస్తుంది. ఆ రోజు రౌండ్స్‌లో మెరిసే కష్టమైన కేసు పక్కన పెట్టి, ఆమెతో కూర్చుని బరువు తూచే యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడాల్సి వస్తుంది. అప్పుడు ఆమె వైపు నిలబడండి.

అమ్మాయిని తప్పకుండా తీసుకెళ్లండి, తాతగారింటికి. వార్డులోకి మాత్రం వద్దు. జబ్బుతో ఉన్న పిల్లలు తను చూసి పోవడం కోసం లేరు, అంటువ్యాధుల భయం రెండువైపులా ఉంది. ఏ బిడ్డ ఫొటో అయినా తీయకూడదని ముందే చెప్పండి, మీరూ తీయకండి. తాతగారి నోటుపుస్తకంలో పేర్లు తెలుగులో రాసిపెట్టే పని తనకు ఇవ్వవచ్చు. పేర్లు బయట ఎవరికీ చెప్పకూడదని పన్నెండేళ్ల పిల్లకు చెబితే అర్థమవుతుంది. తెలుగు రాయడం రాకపోతే ఈ వేసవిలోనే మొదలుపెట్టించండి, సంక్రాంతికి ఇంకా టైముంది.